ఇంగ్లీష్ డౌట్ అడిగితే రూల్ చెప్పాలా, వాక్యం దిద్దిస్తే చాలా?

పుత్తూరు_డిగ్రీ: ఇంటర్వ్యూలో "ఐ యామ్ లివింగ్ ఇన్ తిరుపతి సిన్స్ ఫైవ్ ఇయర్స్" అన్నాను. తప్పన్నారు. ఎందుకు తప్పో చెప్పండి సార్.

మదనపల్లె_మాస్టరు: రెండు తప్పులుండాయి. సిన్స్‌తో ఎప్పుడు మొదలైందో చెప్పాల: సిన్స్ 2020, సిన్స్ మండే. ఎన్నాళ్ళయిందో చెప్పాలంటే ఫర్. అప్పుడు మొదలై ఇంకా జరుగుతాండే పనికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. "ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ తిరుపతి ఫర్ ఫైవ్ ఇయర్స్." సిన్స్ పక్కన ఏళ్ళ లెక్క ఎప్పటికీ రాదు. రాసిపెట్టుకో.

కొర్లగుంట_కుర్రోడు: ఎప్పటికీ రాదంటే ఒప్పుకోను సార్. "ఇట్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ సిన్స్ ఐ కేమ్ టు తిరుపతి" కరెక్టే కదా?

మదనపల్లె_మాస్టరు: అక్కడ ఏళ్ళు సిన్స్‌కు ముందుండాయి. నేను చెప్పింది తరవాత వచ్చేదాని గురించి.

కొర్లగుంట_కుర్రోడు: మీరు రాసింది "పక్కన" అని. పైకి పోయి చూడండి.

పీలేరు_నాయన: అందుకే 2019లో ఏపీ సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం జీవో తెచ్చింది.

కొర్లగుంట_కుర్రోడు: దాన్ని 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ గొడవ ఇక్కడొద్దన్నా.

బైరాగిపట్టెడ_అక్క: "ఐదేళ్ళుగా తిరుపతిలో ఉంటున్నాను" అంటాం మనం. ఆ పిల్లోడు దాన్నే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి మార్చినాడు. అది చెప్పకుండా టెన్సుల పేర్లు చెప్తే ఏం ఎక్కుతాది? నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంటర్లో "ఐ డిడ్ నాట్ వెంట్" అన్నానని లెక్చరర్ నిలబెట్టి, డిడ్ తరవాత "గో" రావాలని క్లాసంతా నవ్వేలా చెప్పినాడు. రూల్ ఆరోజే వచ్చేసింది. డిగ్రీ అయ్యేదాకా నోరే పెగల్లేదు.

మదనపల్లె_మాస్టరు: నన్ను ఆయనతో కలపొద్దమ్మా. నేనెవర్నీ నిలబెట్టలేదు. రూల్ చెప్పకపోతే రేపు "సిన్స్ టూ మంత్స్" అని మళ్ళా వస్తాడు.

బైరాగిపట్టెడ_అక్క: వస్తే రానీండి! అసలు వస్తాడా అని నా భయం. అడిగినోడు అడిగినాడు, ఆనక ఒక్క ముక్క రాయలా. "పక్కన" అనే మాట పట్టుకొని మీరిద్దరే కొట్లాడుకుంటాండారు.

మదనపల్లె_మాస్టరు: నా బాధ మీకు తెలీదు. నా వయసులో అందరూ "అర్థమైతే చాల్లే" అన్నోళ్ళే. తప్పులతోనే అప్లికేషన్లు పెడతా తిరిగినా, ఒక్కరూ దిద్దలా. బోర్డులో కూర్చున్నోళ్ళు తప్పు కనిపెట్టి మౌనంగా ఉంటారు, ఉద్యోగం ఇంకొకరికిస్తారు. మెత్తగా మాట్లాడి వదిలేసేది దయ కాదమ్మా.

బైరాగిపట్టెడ_అక్క: వదిలేయమనలా సార్. గట్టిగానే చెప్పండి. ఆ వాక్యం అతని నోట్లోకి ఎట్లొచ్చిందో ముందు, రూల్ తరవాత.

మదనపల్లె_మాస్టరు: ముందు రూలే. దీంట్లో నేను తగ్గను.

బైరాగిపట్టెడ_అక్క: సరే. తమ్ముడూ, నీ ఊరు, చదువు గురించి నాలుగు వాక్యాలు రాసి ఇక్కడే పెట్టు. ముందు నేను దిద్దుతా, సార్ ఆనక చూస్తారు.