దూరవిద్య పాఠాలు: లైవ్‌లోనే చెప్పాలా, రికార్డు చేసి ఇవ్వాలా?

నైట్‌షిఫ్ట్:
దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. చదువు మధ్యలో ఆగినవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ల కోసమే కదా దూరవిద్య! నేను చేరిన కోర్సులో మాత్రం సాయంత్రం 6 గంటలకు లైవ్ క్లాస్, చూస్తేనే హాజరు. ఆ టైమ్‌కి నేను డ్యూటీలో ఉంటాను. రికార్డింగ్ అడిగితే, ఇస్తే ఎవరూ లైవ్‌కి రారంటున్నారు. ఇది న్యాయమేనా?

ఆదివారం కౌన్సెలర్:
మీ ఇబ్బంది నిజమే, కానీ నేను లైవ్ వైపే. రికార్డు పాఠాలను చాలామంది పరీక్ష ఫీజు కట్టేదాకా తెరవరు. అప్పుడు పది గంటలు ఒకేసారి చూస్తే ఏం ఎక్కుతుంది? పైగా అకౌంట్స్‌లో సర్దుబాట్లు చెబుతున్నప్పుడు ఎవరు ఎక్కడ తడబడ్డారో ఎదురుగా అడిగితేనే తెలుస్తుంది.

నెట్‌వర్క్ పని:
అడగడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను సార్. కానీ పాఠం మొత్తాన్నీ లైవ్‌కి కట్టేయడం తప్పు. లైవ్ మీటింగ్‌లో ఆలస్యం ఉండకూడదు కాబట్టి యాప్ ముందుగా దాచుకోగలిగేది చాలా తక్కువ. సిగ్నల్ కాస్త తగ్గినా మాట తెగిపోతుంది. రికార్డు పాఠమైతే హెచ్‌ఎల్‌ఎస్, డ్యాష్ లాంటి వీడియో పంపే పద్ధతుల్లో కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ మూడు నాలుగు క్వాలిటీల్లో సర్వర్‌లో పెడతారు. ప్లేయర్ నెట్ స్పీడ్ చూసుకుని తగినది తెచ్చుకుంటుంది, రాబోయే ముక్కలు కొన్ని ముందే పెట్టుకుంటుంది. సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారుతుంది గానీ పాఠం అంత తొందరగా ఆగదు.

లెక్క చూడండి. సెకనుకు 1.5 మెగాబిట్ల వీడియో గంటకు 675 ఎంబీ తింటుంది. 300 కిలోబిట్లకు దించితే 135 ఎంబీ. స్లైడ్ మీద అక్షరాలు పెద్దవిగా ఉండి, మైకు మంచిదైతే ఈ రెండోదే చాలు. హెచ్‌డీ కెమెరాల మీద పెట్టే డబ్బు మైకు మీద పెట్టండి. డౌన్‌లోడ్ బటన్ తప్పనిసరి. నెట్ లేని ఇళ్ల కోసం 2017లో మొదలైన స్వయంప్రభ డీటీహెచ్ చానళ్లలో కూడా ఒకే పాఠాన్ని రోజులో పలుమార్లు వేస్తారు, ఎవరికి వీలైన వేళ వాళ్లు చూసుకోవాలనే.

నైట్‌షిఫ్ట్:
నేనడిగేదీ అదే. పాఠం డౌన్‌లోడ్‌కి ఇవ్వండి, ఆదివారం లైవ్‌లో డౌట్లు మాత్రం తీర్చండి. దానికి సెలవు పెట్టుకునైనా వస్తాను.

ఆదివారం కౌన్సెలర్:
సరే, కానీ పాఠం చివర ఐదు ప్రశ్నలుండాలి. వారంలోపు జవాబులు పంపినవాళ్లకే హాజరు. చూడకుండా వచ్చినవాళ్లకు మళ్లీ మొదటినుంచి చెప్పడం నావల్ల కాదు.

నైట్‌షిఫ్ట్:
ప్రశ్నలు పెట్టండి సార్, గడువు మాత్రం రెండు వారాలు ఇవ్వండి. మాకు షిఫ్టు వారం వారం మారుతుంది.