‘లొంతార్’ అంటే మన తాటాకే

ఇండోనేసియాలోని బాలి, జావా దీవుల్లో తాళపత్ర గ్రంథాన్ని ‘లొంతార్’ అంటారు. ఈ మాట పుట్టుక తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పాత జావా భాషలో ‘రొన్’ అంటే ఆకు, ‘తాల్’ అంటే తాడిచెట్టు. రెండూ కలిసి ‘రొన్‌తాల్’. తర్వాత ర, ల చోట్లు మార్చుకుని ‘లొంతార్’ అయింది. మన ‘నవ్వులాట’ ‘నవ్వుటాల’ అయినట్టే, వర్ణవ్యత్యయం.

మనదీ అదే కూర్పు. తాడి ఔపవిభక్తికమై, అంటే విభక్తి ముందు రూపం మారి, ‘తాటి’ అయింది (ఏరు, ఏటి లాగా), ఆకు చేరి ‘తాటాకు’ అయింది. వాళ్లకు ఆకు ముందు, మనకు చెట్టు ముందు. అంతే తేడా.

అయితే వాళ్లకు చెట్టు పేరూ, పుస్తకం పేరూ ఇప్పటికీ లొంతారే. మనం పుస్తకాన్ని ‘తాళపత్రం’ చేసి గౌరవించి, తాటాకును పందిళ్లకీ, ‘తాటాకు చప్పుళ్ల’కీ వదిలేశాం. నాకిది బాధగా ఉంటుంది. ‘తాటాకు ప్రతి’ అంటే ఏం తక్కువ?

1365లో ప్రపంచ అనే కవి జావాలోని మజపహిత్ రాజ్యాన్ని వర్ణిస్తూ రాసిన ‘నాగరకృతాగమ’ లొంతార్ మీదే మిగిలింది. 1894లో లొంబోక్ దీవిలో డచ్చి సైన్యం రాజభవనాన్ని పట్టుకున్నప్పుడు, ఆ దండుతో వెళ్లిన బ్రాండెస్ అనే పండితుడు ఆ ప్రతిని మంటల పాలు కాకుండా కాపాడాడు. 2013లో యునెస్కో దాన్ని ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో చేర్చింది. ఒక్క మనిషి ఆ గదిలోకి వెళ్లకపోతే ఆ కావ్యం ఏమయ్యేదో!

మా తాతగారింట్లో అటక మీద ఓ కట్ట ఉండేది. ఆకులన్నీ ఖాళీగా కనబడేవి. ‘ఏమీ రాయలేదు, పొయ్యిలో పెట్టేద్దాం’ అన్నారు కూడా. తీరా ఒక ఆకును కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే గంటం గీతలు సన్నగా మెరిశాయి. రాసినవాడు మసి పుయ్యలేదు, లేదా పూసింది రాలిపోయింది. బాలిలోనూ ఇదే పద్ధతి: చాకుమొనతో గీసి, కాల్చిన కెమిరి అనే నూనెగింజల మసి రుద్దుతారు, అప్పుడే అక్షరం పైకి వస్తుంది. కాబట్టి మీ ఇంట్లో ‘ఖాళీ’ కట్ట ఉంటే పారేయకండి, ముందు ఏటవాలు వెలుగులో చూడండి.

ఇక నా అసలు సందేహం. కట్టకు పైనా కిందా పెట్టే చెక్కల్నీ, చిల్లులోంచి పోయే ఆ తాడునూ మీ వైపు ఏమంటారు? మా ఇంట్లో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు.