"స్వైరం", "సూక్తి": గంగాదేవి శ్లోకంలో తిక్కన

తిక్కయస్య కవేః సూక్తిః కౌముదీవ కళానిధేః ।
సతృష్ణైః కవిభిః స్వైరం చకోరైరివ సేవ్యతే ॥

— విజయనగర రాణి గంగాదేవి సంస్కృతంలో రాసిన మధురావిజయం కావ్యంలోని శ్లోకమిది. స్వైరం అంటే తిట్టే కదా, ఇక్కడ ఎలా పొసిగింది? సూక్తి అంటే తిక్కన నీతిపద్యాలా?

— రెండూ కాదండీ. స్వైరం అనగానే మనకు పేపర్లో వీధికుక్కల స్వైరవిహారం గుర్తొస్తుంది. సంస్కృతంలో అడ్డూ ఆపూ లేకుండా, ఇష్టమైనంత అని కూడా అర్థం; అందులో నింద లేదు. సూక్తి అంటే సు+ఉక్తి, చక్కటి మాట. బడిగోడల మీది సూక్తుల్ని ఇక్కడికి లాక్కురాకండి.

అసలు ఆగాల్సింది "సేవ్యతే" దగ్గర. కొలుస్తున్నారు అని తాత్పర్యం రాసేస్తే శ్లోకం చప్పబడిపోతుంది. మందు సేవిస్తాం, తీర్థం సేవిస్తాం. ఇదీ ఆ సేవనమే. చకోరాలు వెన్నెల తాగి బతుకుతాయని కవిసమయం, అంటే కవులంతా వాడుకునే ఊహ. పైగా "సతృష్ణైః" అని దాహాన్ని ముందే పెట్టింది. కళానిధిలో శ్లేష: కళలున్న చంద్రుడూ అతడే, విద్యల నిధి అయిన తిక్కనా అతడే. చంద్రుడి వెన్నెలను చకోరాల్లా, తిక్కన కవితను దప్పికగొన్న కవులు తనివితీరా తాగుతున్నారు అని నేను చెప్పుకుంటాను.

— తిక్కయ అని ఉంది కదా, వేరే ఎవరైనా అయ్యుండచ్చుగా?

— ఎఱ్ఱన, ఎఱ్ఱయ ఒకరే అయినట్టు ఇదీను. కావ్యం మొదట్లో ఆమె పొగిడిన కవుల వరసంతా చదవండి: వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసు, బాణుడు, భారవి, దండి, భవభూతి. వాళ్ల పక్కన తెలుగు కావ్యంతో పేరుమోసినవాడు తిక్కన ఒక్కడే. ఆమెకు ఆయన దాదాపు ఒక శతాబ్దం ముందువాడు.

— అయితే ఆవిడ తెలుగింటి ఆడపడుచేనన్నమాట!

— తెలుగు కవిత రుచి తెలిసినావిడ అనేవరకు ఒప్పుకుంటాను. పుట్టిల్లు ఏదో ఈ శ్లోకం చెప్పదు. బుక్కరాయల కోడలు, కంపరాయల రాణి. అత్తింటి సంగతి మాత్రం కావ్యమంతా ఉంది.

— భర్త దండయాత్రను పొగిడే కావ్యమే కదా మేష్టారూ, అంత గొప్పేముంది?

— పొగడ్త ఉంది, కాదనను. యుద్ధవర్ణనలు నేనూ గబగబా దాటేస్తాను. ఎనిమిదో సర్గలో శ్రీరంగం శ్లోకం చూడండి. పాడుబడిన గుడిలో ఇటుకలు రాలుతున్నాయి. యోగనిద్రలో ఉన్న స్వామి ఉలిక్కిపడతాడేమోనని ఆదిశేషుడు పడగలతో వాటిని అడ్డుకుంటున్నాడట. గుడి పాడైందని ఊరికే ఏడవలేదు, రాలే ఇటుకను చూపించింది. దక్షిణాది ఆలయాల దుస్థితిని ఓ రాణి ఇలా కావ్యానికెక్కించిందంటే, నాకు అది విజయయాత్ర కంటే పెద్ద సంగతి.

చదవబోయేవాళ్లకు ఒక మాట. తాళపత్ర ప్రతి 1916లో తిరువనంతపురంలో బయటపడింది, అదీ అసంపూర్ణంగా. అచ్చుప్రతిలో శ్లోకం మధ్య చుక్కలు కనిపిస్తే అవి ముద్రారాక్షసాలు కావు.