కాంటెస్సాకి ఇంట్లోనే సూపర్‌చార్జర్ బిగించొచ్చా? సుంకి ఘాటీ ఎక్కలేకపోతోంది

జయపురం 1800:
అందరికీ నమస్కారం. బండి హిందుస్థాన్ కాంటెస్సా క్లాసిక్, 1.8 ఇసుజు పెట్రోల్, కార్బ్యురేటర్‌ది. ఈమధ్యే ఇంజను సిలిండర్లకి బోరింగ్ చేయించాను. నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ సమంగా ఉంది. అయినా సాలూరు నుంచి కోరాపుట్ వైపు సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు ఏసీ వేస్తే థర్డ్‌లో లాగదు, సెకండ్‌కి దిగాల్సిందే. చెన్నై పుదుపేట నుంచి ఒక ఈటన్ ఎం-45 బ్లోయర్ (ఇంజనులోకి గాలి కూరే సూపర్‌చార్జర్) తెప్పించాను, మినీ కూపర్ ఎస్‌లో వచ్చేదే. చేత్తో తిప్పితే రోటర్లు ఎక్కడా రాసుకోవట్లేదు. బ్రాకెట్టూ పుల్లీ చేసిపెడతానని సునాబెడ హెచ్‌ఏఎల్‌లో రిటైరైన టర్నరు ఒకాయన మాటిచ్చారు. మిగతాది మా పెరటి షెడ్డులో నేనే బిగిద్దామనుకుంటున్నాను. అమెరికాలో మస్టాంగులకీ కమారోలకీ ఇళ్ళ దగ్గరే బిగించుకుంటున్నారు కదా, మన మజిల్ కారుకి ఎందుకు కుదరదు? ఔనో కాదో కారణంతో చెప్పండి. 'అమ్మేసి క్రెటా కొనుక్కో' అనేవాళ్ళకి ముందే దండం.

గుణుపూర్ బోరింగ్:
చేసీ అన్నా, ఆలోచించకు. ఇంజనీర్లే చెయ్యాలి, కంపెనీయే చెయ్యాలి అనీవోళ్ళకి ఒకటి చెప్తాను. అమెరికా పాత బళ్ళ బానెట్లోంచి పైకి పొడుచుకొచ్చీ ఆ 6-71 బ్లోయర్ ఏటనుకున్నారు? బస్సులకీ లారీలకీ వాడిన జీఎం టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజనుకి గాలి ఊదడానికి పెట్టిన సామాను. ఆరు సిలిండర్లు, ఒక్కోటీ 71 ఘనపు అంగుళాలు, అందుకే ఆ నంబరు. దాన్ని పీకి వీ8 నెత్తి మీద పెట్టింది షెడ్డుల్లో కుర్రోళ్ళే. తర్వాతే కంపెనీలు కిట్లు అమ్మడం మొదలెట్టాయి.

రాయగడ మిస్త్రీ:
మజిల్ కారు అంటున్నారు గాని, అది ఇంగ్లండు వాక్సాల్ విక్టర్ బాడీ. ఉత్తర్‌పారాలో చేసినప్పుడు మొదట దాంట్లో పెట్టింది 1.5 లీటర్ల ఇంజను, 50 హార్స్ పవర్. మీ ఇసుజు 88. సరే, బండి మంచిదే, కాదనను.

నా మాట కాదనే. బిగించడం రాదని కాదు, బోల్టులు ఎవడైనా బిగిస్తాడు. అమెరికా వాడు కొనే పెట్టెలో బ్లోయరుతోపాటు ఆ మోడలుకే పోతపోసిన మానిఫోల్డు ఉంటుంది, పెద్ద ఇంజెక్టర్లు ఉంటాయి, కంప్యూటర్‌లోకి ఎక్కించే ట్యూనింగ్ ఉంటుంది. వాడు బిగిస్తున్నది ఇంకొకడు ఇంజను పగలగొట్టుకుని మరీ తేల్చిన లెక్క. మీ దగ్గరున్నది కిట్టు కాదు బాబూ, ఒక గాలిపంపు. కార్బ్యురేటరు దానికి ముందు పెడతారా, వెనక పెడతారా? అది చెప్పండి ముందు.

జయపురం 1800:
ముందే పెడతాను మిస్త్రీగారూ. వెనక పెడితే ఫ్లోట్ చాంబర్‌కి (కార్బ్యురేటర్లో పెట్రోలు నిలిచే గది) కూడా బూస్టు, అంటే బ్లోయరు పెంచే గాలి ఒత్తిడి, అందించాలి, పెట్రోల్ పంపు దాన్ని మించి తొయ్యాలి, థ్రాటిల్ షాఫ్టు దగ్గర లీకులు. ముందు పెడితే ఆ బాధలేవీ ఉండవు. బూస్టు కూడా ఆశపడట్లేదు, 6 పీఎస్‌ఐ చాలు.

పర్లాకిమిడి థర్మో:
ఆ 6 పీఎస్‌ఐ ఏమిస్తుందో కాగితం మీద చూద్దాం. నేను వద్దనడం లేదు, ఆశ ఎంత పెట్టుకోవాలో తేలాలి కదా.

ఎం-45 ఒక చుట్టుకి తోసే గాలి సుమారు 740 సీసీ. మీ 1817 సీసీ ఇంజను రెండు చుట్లకి ఒకసారి నిండుతుంది, అంటే చుట్టుకి 908 సీసీ. 85 శాతం నిండుతుందనుకుంటే 770. బ్లోయరు కూడా లీకులు పోగా 85 శాతమే తోస్తుంది. కాబట్టి క్రాంకుతో సమానంగా తిప్పితే బూస్టు రాదు సరికదా, గాలికి అడ్డం పడుతుంది. ఒకటిన్నర రెట్లు తిప్పితే 6 పీఎస్‌ఐ దరిదాపుల్లోకి వస్తారు.

ఇక వేడి. బయట 40 డిగ్రీలున్న రోజు తీసుకోండి, వేసవిలో సాలూరు దగ్గర అది వింతేం కాదు. ఎం-45 లాంటి రూట్స్ రకం బ్లోయరు సామర్థ్యం 55 శాతం వేసుకుంటే, 6 పీఎస్‌ఐ దగ్గర లోపలికి పోయే గాలి 95 డిగ్రీలు దాటుతుంది. ఒత్తిడి 40 శాతం పెరిగింది, నిజమే. కానీ గాలి వేడెక్కి పలచబడింది, కాబట్టి సిలిండరులోకి అదనంగా చేరే గాలి బరువు 18 శాతమే. బ్లోయరుని తిప్పడానికి పూర్తి స్పీడు మీద ఏడు హార్స్ పవర్ దాకా పోతుంది. లెక్కంతా చూస్తే 88 కాస్తా 97 దగ్గర ఆగుతుంది. బ్లోయరులో పెట్రోలు ఆవిరవుతూ కొంత చల్లబరుస్తుంది కాబట్టి ఇంకో రెండు మూడు కలుపుకోండి. నూరు.

ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెడదామంటే, కార్బ్యురేటర్ ముందున్న అమరికలో అది కుదరదు. తడి మిశ్రమం దాని గొట్టాల్లో కారి నిలుస్తుంది. ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు, బానెట్ లేస్తుంది.

కోరాపుట్ ట్రావెల్స్:
సార్ లెక్క బాగుంది గాని కింద సాలూరులో ఆగిపోయింది. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి కిందకంటే పదో వంతు పలచన. అంటే మీ 88 పైకొచ్చేసరికి 80. విమానాల ఇంజన్లకి బ్లోయర్లు పెట్టింది కూడా ఇందుకే కదా. ఈయన రేసుకి అడగట్లేదు. ఘాటీలో పోయిన ఎనిమిదీ వెనక్కి తెచ్చి పైన ఇంకో రెండు మూడు ఇస్తే, ఏసీ వేసుకుని థర్డ్‌లో ఎక్కీడానికి అది చాలదా? నా ఓటు ఔననే.

పర్లాకిమిడి థర్మో:
ఆ పాయింటు ఒప్పుకుంటున్నాను. ఎత్తుకి పోయే బలాన్ని ఇది భర్తీ చేస్తుంది. కానీ ఘాటీయే దీనికి అన్నిటికంటే గడ్డు చోటు కూడా. ఫుల్ థ్రాటిల్, తక్కువ ఆర్‌పీఎం, రేడియేటర్‌కి గాలి తక్కువ, అదీ నిమిషాల తరబడి. ఇంజను కొట్టేది, అంటే లోపలి మిశ్రమం వేడికి తనంతట తానే పేలి టకటకలాడేది, అక్కడే.

ఇక్కడే అమెరికా వీడియోలు చూసి మోసపోతాం. వాళ్ళ బంకు మీద రాసే ఆక్టేన్ (ఆ కొట్టుడుని పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) రెండు పరీక్షల సగటు. మన బంకు మీద రాసేది ఆ రెండిట్లో ఆర్‌ఓఎన్ అనే ఒక్క పరీక్షదే. ఇరవై శాతం ఇథనాల్ రాకముందు మన మామూలు పెట్రోలుకున్న 91 వాళ్ళ లెక్కలో సుమారు 87, అంటే వాళ్ళకది చవక రకం. సూపర్‌చార్జర్ కిట్లతో వాళ్ళు పోయమనేది 91 లేదా 93. మన లెక్కలో అది 95, ఇంకా పైది. 2016లో ఇక్కడికొచ్చిన మస్టాంగ్ జీటీయే 401 పీఎస్. అదే 5 లీటర్ల వీ8కి అమెరికాలో 435 హార్స్ పవర్ చెప్పేవాళ్ళు. మన పెట్రోలును చూసే తగ్గించారని అప్పట్లో పత్రికలు రాశాయి. కంపెనీయే వెనక్కి తగ్గిన చోట మనం ముందుకెళ్తున్నాం.

రాయగడ మిస్త్రీ:
నా నోట్లో మాట. పైగా ఇప్పుడు బంకులో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ కొట్టుడు తగ్గిస్తుంది, అది మేలే. కానీ దానికి గాలి తక్కువ చాలు, మిశ్రమంలో ఇంధనం వంతు ఎక్కువ కావాలి. ఇంజెక్షన్ బండి సెన్సరు చూసుకుని సర్దుకుంటుంది. మీ కార్బ్యురేటర్ జెట్టు ఎప్పుడో ఉత్త పెట్రోలుకి కోసింది, దానికేం తెలుసు? ఇప్పటికే మిశ్రమం పలచగా, అంటే ఇంధనం చాలకుండా, పోతుంటుంది. దాని మీద బూస్టు పెడితే పిస్టన్ నెత్తి కరుగుతుంది. బోరింగ్ డబ్బు నీళ్ళపాలు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం ఎలాగూ మార్చాలి, అది బ్లోయరు పెట్టినా పెట్టకపోయినా.

టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే వేళ) సంగతి ఎవరూ ఎత్తలేదు. పీఎస్‌ఐకి ఒక డిగ్రీ చొప్పున వెనక్కి తియ్యాలని మోటు లెక్క. డిస్ట్రిబ్యూటర్‌ని చేత్తో ఆరు డిగ్రీలు వెనక్కి తిప్పి పెడితే బూస్టు లేనప్పుడు కూడా అలాగే ఉంటుంది. జయపురం బజార్లో ఎద్దులా నడుస్తుంది.

గుణుపూర్ బోరింగ్:
మిస్త్రీగారు భయపెట్టీడంలో ఫస్టు. బూస్టు వచ్చినప్పుడే టైమింగ్ వెనక్కి తీసీ ఇగ్నిషన్ బాక్సులు దొరుకుతాయి. ఎగ్జాస్టులో మిశ్రమం పాళ్ళు చెప్పీ వైడ్‌బాండ్ ఆక్సిజన్ సెన్సరు పెట్టుకుని మీటరు చూస్తూ జెట్టు మార్చుకుంటే అయిపోద్ది. మన కాలంలో ప్లగ్గు రంగు చూసి చెప్పీవోళ్ళం, ఇప్పుడు నంబరే కనిపిస్తోంది. ఇంట్లో చెయ్యలేనిది ఇందులో ఏటుంది?

బరంపురం వకీలు:
ఇంజను సంగతి నాకు తెలియదు, ఆర్సీ సంగతి చెప్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడాగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఏ పెట్టారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

జయపురం 1800:
వకీలుగారూ, ఆర్సీలో 1817 సీసీ అని ఉంది. బ్లోయరు పెట్టినా 1817 సీసీయే. ఇంజను నంబరు మారదు, ఛాసిస్ మారదు, ఇంధనం మారదు. తేడా ఎక్కడ?

బరంపురం వకీలు:
ఆ వాదన ఉంది, తీసిపారేయను. సెక్షన్ వివరణలో 'మార్పు' అంటే బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారడం అని రాశారు. ఇంజను బలం మౌలిక లక్షణమా కాదా అని మీరు కోర్టులో వాదించుకోవచ్చు. కానీ మీ బండి పదిహేనేళ్ళు దాటినది, ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్‌కి తీసుకెళ్ళాలి. అక్కడ బానెట్ ఎత్తేది జడ్జి కాదు, ఇన్‌స్పెక్టరు. ఇన్సూరెన్సుకి చెప్పకుండా పెడితే ఘాటీలో ఏదైనా జరిగిన రోజున మీ బండి క్లెయిము అక్కడితో సరి. బ్రేకులు కూడా 88కి చేసినవే కదా, దిగేటప్పుడు?

కోరాపుట్ ట్రావెల్స్:
దిగేటప్పుడు బ్లోయరు ఊరికే తిరుగుతుంది సార్, సెకండ్‌లో దిగితే ఇంజనే పట్టుకుంటుంది. బ్రేకులు మాత్రం ముందు చూసుకోవాలి, అది నిజం.

రాయగడ మిస్త్రీ:
అందరూ నూరు హార్స్ పవర్ గురించి కొట్టుకుంటున్నారు. ఉన్న 88 సరిగ్గా వస్తోందా అని ఒక్కరూ అడగలేదు. మంచి స్థితిలో ఉన్న 1.8 ఏసీ వేసినా అక్కడ థర్డ్‌లో అంతగా ఏడవదు. డిస్ట్రిబ్యూటర్ వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి నోటితో పీల్చు బాబూ. పీల్చి నాలుకతో మూస్తే పట్టు నిలబడాలి. నిలబడకపోతే డయాఫ్రం చిరిగినట్టే. తర్వాత డిస్ట్రిబ్యూటర్ లోపల స్పీడుని బట్టి టైమింగ్ జరిపే గవర్నర్ బరువులు తుప్పు పట్టి బిగుసుకున్నాయేమో చూడు, ఘాటీ మీద దెబ్బ తీసేది అవే. టైమింగ్ చెయిను సాగిందేమో, క్లచ్ జారుతోందేమో. ఇవన్నీ ఒక పూట పని, బ్లోయరు ఖర్చులో పిసరు.

జయపురం 1800:
ఆదివారం చూస్తాను మిస్త్రీగారూ. బ్రాకెట్టుకి మాత్రం అడ్వాన్సు ఇచ్చేశాను. గుణుపూర్ అన్నా, ఒకటిన్నర రెట్లంటే క్రాంకు పుల్లీ 150 మిల్లీమీటర్లయితే బ్లోయరుది 100 కదా? పాత వీ బెల్టే చాలా?

గుణుపూర్ బోరింగ్:
అవును, 100. వీ బెల్టు ఒక్కటి జారిపోద్ది, ఆరు గాళ్ళ రిబ్ బెల్టు పెట్టు, టెన్షనరు వదులు వైపు ఉండాలి. టర్నరుగారికి క్రాంకు పుల్లీ కూడా ఇచ్చీ, రెండిటికీ గాళ్ళు ఒకే వరసలో రావాలి.

రాయగడ మిస్త్రీ:
పుల్లీ తర్వాత. ముందు ఆ గొట్టం పీల్చి ఇక్కడ రాయి.