లోడు మీద పావుగంటకే ఊగి ఊగి ఆగిపోతున్న 7.5 కేవీఏ జనరేటర్, డీజిల్ పంపు పోయిందంటారా?

విడవలూరు గుంటలు:
అన్నలందరికీ నమస్తే. మాది విడవలూరు పక్కన, రొయ్యల గుంటలు. సింగిల్ సిలిండర్ 10 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిను, 1500 ఆర్పీఎం, నీళ్ళ కూలింగు, దానికి 7.5 కేవీఏ త్రీఫేజు ఆల్టర్నేటర్. కరెంటు పోతే 2 హార్స్‌పవర్ ఏరియేటర్లు (గుంట నీళ్ళకి గాలి కలిపేవి) రెండు, షెడ్డు లైట్లు దీని మీదే ఆధారం. హ్యాండిల్ తిప్పితే వెంటనే అందుకుంటాది, ఖాళీగా ఎంతసేపైనా తిరగతాది, ఏరియేటర్లు వేసినాక కూడా ఒక పావుగంటో ఇరవై నిమిషాలో బాగానే పోతాది, ఆ తర్వాత మొదలవతాది చూడండి, పైకి లేస్తాది మళ్ళీ కిందకి పడతాది, లైట్లు కూడా దాంతో పాటే ఊగతాయి, చివరకి ఆరిపోతాది. ఆగేటప్పుడు కొంచెం తెల్లపొగ, నల్లపొగ అసలు లేదు. పంపు దగ్గర స్క్రూ లూజు చేసి గాలి తీస్తే మళ్ళీ స్టార్టు. ఫిల్టరు కొత్తది వేసినా. ఇంకో సంగతి, టాంకు నిండుగా ఉంటే ఎక్కువసేపు లాగతాది, సగం కిందకి పోతే తొందరగా ఆగతాది.
వచ్చిన మెకానిక్కు పంపు ఎలిమెంటు (లోపల డీజిల్ని నొక్కే ముక్క), నాజిలు (ఇంజినులోకి డీజిల్ చిమ్మేది) రెండూ పోయినాయి, ఊడదీసి పంపిద్దాం అంటుండాడు. డబ్బులు అటుంచండి, పంపు లేనప్పుడు రాత్రి కరెంటు పోతే నా గతేంది? తెల్లారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కిందకి జారితే రొయ్య పైకి తేలిపోతాది. చెప్పండబ్బా.

సింగరాయకొండ డీజిల్ పని:
పంపు మీద చెయ్యి వెయ్యనీయమాక తమ్ముడూ. ఎలిమెంటు అరిగిన బండికి స్టార్టింగే కష్టం, అందులోనూ వేడి మీద ఆపి మళ్ళీ తిప్పితే అసలు అందుకోదు, ఎందుకంటే వేడికి డీజిల్ పల్చబడి అరిగిన సందులోంచి వెనక్కి జారిపోద్ది. నీది ఆగిన వెంటనే గాలి తీస్తే లేస్తంది. నాజిలు పోతే లోడు మీద నల్లపొగో, టకటకా కొట్టుకోవటమో ఉండాలి, అదీ లేదంటున్నావు. టాంకు సగం కిందకి పోతే ముందే ఆగతందన్నావు చూడు, నీ జబ్బు అంతా ఆ మాటలోనే ఉంది. టాంకుకీ పంపుకీ మధ్య డీజిల్ అందటంలా. ఖాళీగా తిరిగేటప్పుడు తాగేది తక్కువ కాబట్టి సరిపోతంది, లోడు పడితే చాలట్లా.
టాంకు ఇంజినుకి పైనుందా కిందుందా? మూత ఎట్టాంటిది? అది చెప్పు ముందు.

విడవలూరు గుంటలు:
టాంకు పైనే అన్నా, యాంగిల్ స్టాండు మీద. ఫీడ్ పంపు లేదు, ధారగా దిగేదే. మూత ఒరిజినల్దే కానీ 2023 డిసెంబర్లో మిచౌంగ్ తుఫాను వానలకి కాపలా మనిషి పాలిథిన్ కవరు వేసి ట్యూబు రబ్బరుతో బిగించి కట్టినాడు, అట్నే ఉండాది.

సింగరాయకొండ డీజిల్ పని:
ఇంకేంది మరి 😀 ఆ మూతకి సన్న బెజ్జం ఉంటది, డీజిల్ దిగేకొద్దీ పైనుంచి గాలి లోపలికి పోవాలి కదా. అది మూసుకుంటే టాంకులో వాక్యూమ్ పట్టి ధార సన్నబడద్ది. పైనున్న టాంకుకి పైపు ఎక్కడన్నా చీలితే మామూలుగా డీజిల్ బయటికి కారాలి, గాలి లోపలికి రాదు, కానీ వాక్యూమ్ పట్టిందంటే అదే చీలిక గాలి పీల్చుద్ది. అందుకే నీకు స్క్రూ తీస్తే బుడగలు. ఊగటం మొదలైనప్పుడు ఆపమాక, పరిగెత్తి మూత లూజు చెయ్, బుస్సుమని గాలి లోపలికి పోయి ఇంజిను అందుకుంటే తేలిపోయినట్టే.
అప్పటికీ అందుకోకపోతే టాంకును పక్కన పెట్టేసెయ్. శుభ్రమైన అయిదు లీటర్ల క్యాన్లో మంచి డీజిల్ పోసి ఇంజిను పైన కట్టి, దానికి తెల్ల ట్రాన్స్‌పరెంట్ పైపు పెట్టి నేరుగా ఫిల్టరుకి కలుపు. గంటసేపు లోడు లాగితే పంపూ నాజిలూ బాగున్నట్టు, లోపం టాంకూ దాని పైపూ. లాగకపోతే అప్పుడు ఫిల్టరు నుంచి ఇవతల చూడాలి. బ్యాంజో బోల్టుల (డీజిల్ పైపు కలిపే బెజ్జం బోల్టులు) కింద రాగి వాషర్లు మటుకు విప్పిన ప్రతిసారీ కొత్తవి వెయ్యి, పాతవే తిప్పి వేసి ఇంకా బిగిస్తే బోల్టు తెగుద్ది గానీ గాలి ఆగదు.

కొత్తపట్నం రైతు:
పై అన్న చెప్పింది కరెక్టే, దాంతో పాటు టాంకు అడుగు కూడా చూడండి. మన సముద్రం ఒడ్డున రాత్రిళ్ళు చెమ్మ ఎక్కువ, సగం ఖాళీగా ఉన్న టాంకు లోపల రేకుకి నీళ్ళు చెమర్చి అడుక్కి దిగుతాయి, ఆ నీళ్ళకీ డీజిల్‌కీ మధ్య నల్లగా జిగురులాగా బూజు పెరుగుద్ది, అది వచ్చి ఔట్‌లెట్ జల్లెడకి అతుక్కుంటే కొత్త ఫిల్టరు వేసి ఏం లాభం, డీజిల్ అక్కడిదాకా వస్తే కదా. అడుగు ప్లగ్గు విప్పి గాజు సీసాలో పట్టి కాసేపు ఉంచితే నీళ్ళు కిందకి విడిపోయి కనపడతాయి. నేనైతే పని అయిపోయినాక టాంకు నింపే పెడతా.
ఇంకోటి, కూలింగుకి ఏం నీళ్ళు వాడుతున్నారు? మా వైపు చాలామంది గుంట నీళ్ళే పైపు పెట్టి ఇంజినులోకి వదులుతారు, ఉప్పు నీళ్ళకి హెడ్డులో జాకెట్టు (నీళ్ళు తిరిగే దారి) తినేసి గార కట్టి, ఒక సీజను తిరిగేసరికి హెడ్డు మార్చాల్సొస్తంది. డ్రమ్ములో మంచినీళ్ళు పోసి అవే తిరిగేటట్టు పెట్టుకోండి.

ఒంగోలు వైండింగ్:
కరెంటు వైపు నుంచి రెండు మాటలు. ఆల్టర్నేటర్ నాలుగు పోళ్ళది, 1500 ఆర్పీఎంకి 50 హెర్ట్జ్. ఖాళీ మీద 52 దాకా ఉండి లోడు పడితే 50 దగ్గరకి రావటం మామూలే, దాన్ని చూసి గవర్నర్ (ఇంజిను స్పీడు నిలిపేది) స్క్రూ తిప్పబాకండి. లైట్లు డిమ్ అయినాయని ఏవీఆర్ (ఓల్టేజీ నిలిపే బోర్డు) మార్చినోళ్ళని చాలామందిని చూశా, ఇంజిను స్పీడే పడిపోతంటే ఏవీఆర్ ఏం చేస్తది. ఏరియేటర్లు రెండూ ఒకేసారి వెయ్యొద్దు, స్టార్టింగులో మోటారు అయిదారు రెట్లు ఆంపియర్లు లాగుద్ది, ఒకటి తిరుగుడు పట్టినాక రెండోది.
ఇక చేంజోవర్ స్విచ్చి (లైను కరెంటో జనరేటరో ఏదో ఒక్కటే కలిపేది) ఉందా లేదా? చాలా గుంటల మీద ప్లగ్గు పెట్టి బోర్డులోకి ఎదురు కరెంటు ఇస్తన్నారు. అది ట్రాన్స్‌ఫార్మర్లోకి తిరగబడి పోతే అవతల 11 కేవీ లైను అయిద్ది, లైను కట్ చేశాం కదా అని పోలెక్కిన మనిషి పోతాడు.

విడవలూరు గుంటలు:
చేంజోవర్ ఉండాదన్నా. కూలింగు మటుకు బోరు నీళ్ళు, కొంచెం ఉప్పే, డ్రమ్ము పెడతా.
రాత్రి కరెంటు పోతే చూసినా. ఊగడం మొదలవగానే కవరు కోసి మూత లూజు చేస్తే నిజంగానే బుస్సుమని శబ్దం, ఇంజిను లేచింది, తెల్లారిందాకా ఆగలా. పొద్దున టాంకు దించి కడిగితే కొత్తపట్నం అన్న చెప్పిన నల్ల జిగురు కూడా నిండా ఉండాది. పైపు మార్చేసినా. మెకానిక్కుకి ఫోను చేసి పంపు వద్దని చెప్తే కోపం వచ్చిందబ్బా ఆయనకి. ఆగడమైతే లేదు కానీ లోడు తీసినప్పుడు ఒక నాలుగైదు సార్లు గుర్రుగుర్రుమని ఊగి అప్పుడు నిలబడతాది, ఇదేందన్నా?

సింగరాయకొండ డీజిల్ పని:
అది గవర్నర్ లింకేజి, ఉప్పుగాలికి పిన్నులు పట్టేసుంటయ్. ఇంజిను ఆపి పంపు ర్యాకుని (డీజిల్ ఎంత పోవాలో మార్చే కడ్డీ) చేత్తో అటూ ఇటూ జరుపు, వేలితో నెడితే పోవాలి, ఎక్కడన్నా పట్టిందంటే డీజిల్ పోసి కడిగి పల్చటి ఆయిలు చుక్క వెయ్. గ్రీజు పూయమాక, దుమ్ము పట్టి ఇంకా బిగుసుద్ది. స్ప్రింగు సాగదీయమాక.
దీన్ని రేపూ మాపూ అనమాక. ర్యాకు ఎక్కువ డీజిల్ వైపు ఇరుక్కుందంటే లోడు తీయగానే ఇంజిను రంకె వేసి ఎగిసిపోద్ది, ఫ్లైవీలు పగిలినా పగులుద్ది. ఆ కాపలా మనిషికి స్టాప్ లివర్ ఎక్కడుందో చూపించి పెట్టు. లివరుకి కూడా ఆగకపోతే ఎయిర్ క్లీనర్ దగ్గర గాలి మూసెయ్యాలి, చెక్క ముక్కతో. చెయ్యి అడ్డం పెడితే లాగేసుకుద్ది.

విడవలూరు గుంటలు:
సరే అన్నా, చెక్క ఒకటి కోపించి ఇంజిను పక్కనే తగిలిస్తా. సాయంత్రం లింకేజి కడిగి చెప్తా.