మేం హెచ్‌1బీ, బాబు సిటిజన్: ఫాఫ్సా నింపొచ్చా?

ఫ్రిస్కో నుంచి, కొత్తగా వచ్చినవాళ్లం:

అందరికీ నమస్తే. మేం 2023 డిసెంబరులో హైదరాబాద్ నుంచి వచ్చాం. అంతకు ముందు 2006 నుంచి 2009 దాకా న్యూజెర్సీలో ఉన్నాం, బాబు అక్కడే 2008లో పుట్టాడు, తర్వాత మా నాన్నగారికి ఒంట్లో బాగోలేక వెనక్కి వెళ్లిపోయాం. ఇప్పుడు నేను హెచ్‌1బీ, మా ఆవిడా చిన్నపాపా హెచ్‌4 (నా మీద ఆధారపడ్డవాళ్ల వీసా). బాబు ట్వెల్త్ గ్రేడ్. కాలేజీ చదువుకు ప్రభుత్వ సాయం అడిగే ఫారం ఉంది కదా, స్కూల్ కౌన్సెలర్ వారం వారం ఆ ఫాఫ్సా, ఫాఫ్సా అని మెయిల్ పెడుతోంది. ఆఫీసులో మనవాళ్లను అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఒకాయనైతే "మీరు వీసా మీద ఉన్నారు, మీకు రాదు, అనవసరంగా గవర్నమెంటు ఫారాల్లో వేలు పెట్టకండి, గ్రీన్ కార్డుకు దెబ్బ" అని భయపెట్టాడు. ఇంకొకాయన ఒక కన్సల్టెంట్ నంబరిచ్చాడు, ఆయనేమో 1,800 డాలర్లు అడుగుతున్నాడు. మా ఆవిడకు ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదు. షాద్‌నగర్ దగ్గర ఒక ప్లాటుంది, ఊళ్లో నాన్న పేరు మీద నాలుగెకరాలుంది. ఇవన్నీ చూపించాలా? ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు, కాస్త చెప్పండి.

ప్లేనో నుంచి:

అన్నా, ముందు ఆ 1,800 జేబులోనే ఉంచుకోండి. ఫాఫ్సాలో మొదటి ఎఫ్ అంటేనే ఫ్రీ. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ సైట్‌లో మీరే నింపుకోవచ్చు, కాగితాలన్నీ పక్కన పెట్టుకుంటే గంటలో అయిపోతుంది.

మీ ఆఫీసాయన చెప్పింది తప్పు. వాళ్లు చూసేది పిల్లాడి స్టేటస్, అమ్మానాన్నలది కాదు. బాబు సిటిజన్ కాబట్టి వాడికి అర్హత ఉంది, మీరు హెచ్‌1బీలో ఉన్నా, అసలు వేరే దేశంలో ఉన్నా సరే. గ్రీన్ కార్డు భయం ఇక్కడ అందరికీ ఉంటుంది, కానీ ప్రభుత్వ సాయం మీద బతుకుతారా అని చూసే 2022 నాటి పబ్లిక్ ఛార్జ్ రూల్ లెక్కేసింది నెలనెలా నగదు సాయం లాంటివాటిని, పిల్లాడి చదువుకు వచ్చే గ్రాంటును కాదు. ఇంకా అనుమానముంటే మీ కేసు చూసే లాయర్‌నే ఒక మాట అడగండి, ఆఫీసు క్యాంటీన్‌లో కాదు.

ఇప్పుడు పని. 2026-27కి ఫారం 2025 సెప్టెంబరు 24నే తెరిచేశారు, మామూలుగా అక్టోబరు 1 అనుకుంటాం. అందులోకి వెళ్లేది 2024 ట్యాక్స్ లెక్క. బాబుకు ఒక అకౌంట్, మీకు ఒక అకౌంట్ విడివిడిగా తెరవాలి, ఒకే ఈమెయిల్ ఇద్దరికీ పెట్టొద్దు. మీరిద్దరూ జాయింట్‌గా ఫైల్ చేసి ఉంటే మీరొక్కరు చాలు, మీ ఆవిడ అకౌంట్ అక్కర్లేదు. విడివిడిగా ఫైల్ చేసి ఉంటే మాత్రం ఆవిడ కూడా రావాలి, ఎస్‌ఎస్‌ఎన్ లేకపోయినా ఇప్పుడు అకౌంట్ తెరవొచ్చు. ఐఆర్‌ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) నుంచి మీ లెక్క తెచ్చుకోవడానికి ఒప్పుకుంటున్నాం అని ఒకచోట అడుగుతుంది, అక్కడ ఒప్పుకోకపోతే కథ ముగిసినట్టే, ఫెడరల్ ఎయిడ్ రాదు.

ఒక జాగ్రత్త. అకౌంట్‌లో పేరు ఎస్‌ఎస్‌ఎన్ కార్డు మీద ఎలా ఉందో అలాగే ఉండాలి. మా అమ్మాయికి కార్డు మీద ఒట్టి పేరు, ఇంటిపేరే. హైదరాబాద్‌లో స్కూల్లో వేసేటప్పుడు మా అత్తగారు ముందు 'సాయి' తగిలించారు, టీసీలోనూ అదే, ఇక్కడి హైస్కూల్లోనూ అదే ఎక్కింది. అకౌంట్ కూడా అలాగే తెరిచాం. మూడు రోజుల తర్వాత మ్యాచ్ కాలేదని మెయిల్. మళ్లీ మొదటి నుంచి.

టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలకు ప్రయారిటీ గడువు జనవరి 15. ఫెడరల్ గడువు ఎక్కడో జూన్ దాకా ఉందని చూసి కూర్చోకండి, డబ్బులు ముందొచ్చినవాళ్లకు పోతాయి.

ఎడిసన్ నుంచి, ఇద్దరు పిల్లల్ని కాలేజీకి పంపిన అక్క:

తమ్ముడు చెప్పినవన్నీ కరెక్టే, ఆస్తుల సంగతి నేను చెబుతా, అక్కడే మనవాళ్లు చేతులు కాల్చుకుంటారు, నేను కూడా కాల్చుకున్నా.

మీరుంటున్న ఇల్లు ఫాఫ్సాలో చూపించక్కర్లేదు. 401కే లాంటి రిటైర్‌మెంట్ డబ్బు కూడా. మొదటిసారి మా పెద్దాడికి నింపినప్పుడు రాత్రి పదకొండింటికి కూర్చుని, నిద్రమత్తులో మా ఆయన 401కేలో ఉన్న 1,80,000 డాలర్లు ఇన్వెస్ట్‌మెంట్స్ గడిలో కొట్టేశా. తల్లిదండ్రుల ఆస్తిలో లెక్కకు వచ్చేది మహా అయితే 5.64 శాతం, అంటే ఆ ఒక్క గడి వల్ల మేం ఏటా కట్టగలం అన్న అంకె పదివేల చిల్లర పెరిగిపోయింది. ఆ అంకెనే ఇప్పుడు ఎస్‌ఏఐ అంటున్నారు. నెల తర్వాత కాలేజీవాళ్లు అడిగితే గానీ నాకు తెలియలేదు, కరెక్షన్ పెట్టి దిద్దుకున్నాం. కాబట్టి పగలు కూర్చోండి, కాఫీ తాగి కూర్చోండి.

ఇండియా ఆస్తి చూపించాలి. మీ షాద్‌నగర్ ప్లాటు మీ పేరు మీద ఉంటే అది ఇన్వెస్ట్‌మెంటే, ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీలూ అంతే. అందులో పెట్టాల్సింది ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో అది, లోన్ ఉంటే తీసేసి. రిజిస్ట్రేషన్ విలువ వేరు, మార్కెట్ విలువ వేరు అని మీకు నేను చెప్పక్కర్లేదు, కాగితంలో ఉన్న విలువ పెట్టి తెలివిగా చేశామనుకోవద్దు. లెక్క చూస్తే భయపడేదేమీ లేదు: 40 లక్షల ప్లాటు అనుకోండి, సుమారు 45,000 డాలర్లు, ఎస్‌ఏఐలో దాని వాటా ఎక్కువలో ఎక్కువ 2,500 చిల్లర. దీనికోసం అబద్ధమాడటం దేనికి, కింద సంతకం పెట్టేది మీరు. మాకు తెలిసిన ఒక కన్సల్టెంట్ "ఇండియాది ఎవరు చూస్తారు మేడమ్, వదిలేయండి" అన్నాడు. రేపు అడిగితే ఆయన రాడు కదా. ఎఫ్‌డీ వడ్డీ ట్యాక్స్‌లో చూపించి, ఎఫ్‌డీని ఫాఫ్సాలో చూపించకపోతే మరీ ఘోరం.

నాన్నగారి నాలుగెకరాలు పట్టాదారు పాసు పుస్తకంలో ఆయన పేరు మీదే ఉంటే మీవి కావు, రాయొద్దు. రేపెప్పుడో మీకు వస్తాయన్నది లెక్కలోకి రాదు.

ఇంకో మాట, పిల్లాడి పేరు మీద డబ్బు పెట్టొద్దు. వాళ్ల పేరు మీదున్నదాంట్లో 20 శాతం లెక్కేస్తారు. ఓణీల ఫంక్షన్‌కూ పంచెల ఫంక్షన్‌కూ వచ్చిన కట్నాలన్నీ పిల్లల అకౌంట్‌లో వేసి మురిసిపోతాం చూడండి, అది ఇక్కడ దండగ.

ఫ్రిస్కో నుంచి, కొత్తగా వచ్చినవాళ్లం:

అక్కా, తమ్ముడూ, చాలా థ్యాంక్స్. నా జీతం 1,45,000. ఈ జీతానికి అసలేమైనా వస్తుందా? రాకపోతే ఇదంతా ఎందుకు? ఇంకోటి, చిన్నపాప నైన్త్‌లో ఉంది, దానికి హెచ్‌4. దాని సంగతేంటి?

ప్లేనో నుంచి:

తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం పెల్ గ్రాంట్ 2026-27కి గరిష్ఠంగా 7,395 డాలర్లు, కానీ అది తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, ఆ జీతానికి ఆశ పెట్టుకోవద్దు. యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) సిస్టమ్‌లో ట్యూషన్ ఉచితం అన్నది కూడా ఇంట్లో ఆదాయం లక్ష లోపు ఉన్న టెక్సస్ పిల్లలకే. అయినా నింపమంటాను, ఎందుకంటే ఫెడరల్ స్టూడెంట్ లోన్ కావాలన్నా ఇదే దారి. మొదటి ఏడాది 5,500 వరకు పిల్లాడి పేరు మీదే ఇస్తారు, మీ క్రెడిట్ స్కోరు చూడరు, కోసైనర్ అడగరు. పైగా టెక్సస్‌లో హైస్కూల్ పట్టా చేతికి రావాలన్నా ఫాఫ్సా నింపాలి, లేదంటే టాస్ఫా (టెక్సస్ రాష్ట్ర సాయం ఫారం), అదీ కాకపోతే మాకు వద్దని సంతకం పెట్టిన కాగితం ఇవ్వాలి, మీ కౌన్సెలర్ అన్ని మెయిల్స్ పెడుతోంది అందుకే. ఇంకా, ఉద్యోగం సంగతి ఎవరికి తెలుసు? గతేడాది మార్చిలో నాకు లేఆఫ్ అయింది. ఫారంలో మంచి జీతం కనబడుతోంది, చేతిలో రూపాయి లేదు. ఫాఫ్సా ముందే నింపి ఉన్నాం కాబట్టి కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు టర్మినేషన్ లెటర్, నిరుద్యోగ భృతి కాగితం పెట్టి మళ్లీ లెక్క చూడమని రాశాం, చూశారు. అసలు నింపకపోతే మళ్లీ చూడటానికి ఏముంటుంది?

బాబు మంచి మార్కుల వాడైతే ప్రైవేటు కాలేజీలు వదలకండి. రేటు చూసి గుండె ఆగుతుంది కానీ 2025 నుంచి ఎంఐటీలో మామూలు ఆస్తులుండి 2,00,000 లోపు ఆదాయం ఉంటే ట్యూషన్ లేదు, ప్రిన్స్‌టన్‌లో చాలామందికి 2,50,000 దాకా లేదు. సీటు రావడం వేరే సంగతి అనుకోండి. ఇలాంటి ప్రైవేటు కాలేజీలు చాలావరకు ఫాఫ్సాతో పాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఫారం కూడా అడుగుతాయి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. ఫాఫ్సా అడగని మీ ఇంటి విలువ కూడా అది అడుగుతుంది. ప్రతి కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ అని ఉంటుంది, అప్లై చేసేముందే అందులో మీ అంకెలు కొట్టి చూడండి, ముఖ్యంగా ఎర్లీ డెసిషన్ వేసేముందు. అది వచ్చిందంటే వెళ్లి తీరాలి, పదిచోట్ల ఆఫర్లు పోల్చుకునే అవకాశం ఉండదు.

అర్వింగ్ నుంచి, హెచ్‌4 అమ్మాయి తండ్రి:

చిన్నపాప గురించి నేను చెబుతాను, మాది అదే పరిస్థితి. హెచ్‌4 పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ రాదు. పెల్ లేదు, లోన్ లేదు, వర్క్ స్టడీ లేదు. క్యాంపస్‌లో లైబ్రరీ ఉద్యోగం కూడా చేయకూడదు, హెచ్‌4 పిల్లలకు వర్క్ పర్మిట్ ఉండదు. పనికొచ్చేది ఇన్-స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్రంవాళ్లకు ఉండే తక్కువ ఫీజు. టెక్సస్‌లో హెచ్‌4 పిల్లలు కూడా రెసిడెంట్లుగా లెక్కకు రావచ్చు, తల్లిదండ్రులు ఇక్కడే ఏడాదికి పైగా స్థిరంగా ఉన్నట్టు కాగితాలు ఉండాలి. లీజు, జీతం స్లిప్పులు, ట్యాక్స్, అన్నీ ఒక ఫైల్లో దాచుకోండి.

అసలు సమస్య 21. పాపకు ఆ వయసు వచ్చేలోపు మీ గ్రీన్ కార్డు రాకపోతే, మన క్యూ ఎలా ఉందో మీకూ తెలుసు, హెచ్‌4 పోతుంది, ఎఫ్‌1 స్టూడెంట్ వీసాకి మారాలి. అప్పుడు ఇన్-స్టేట్ ఉంటుందో పోతుందో కాలేజీని ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మా అమ్మాయికి థర్డ్ ఇయర్ మధ్యలో 21 వస్తుంది, అందుకే కాలేజీ క్రెడిట్ తెచ్చే ఏపీలూ డ్యూయల్ క్రెడిట్ కోర్సులూ హైస్కూల్లోనే లాగించేశాం, మూడేళ్లలో డిగ్రీ అయ్యేలా చూసుకుంటున్నాం. మెరిట్ స్కాలర్‌షిప్పులకు సిటిజన్‌షిప్ అడగని కాలేజీలు ఉన్నాయి, వాటి పేజీలో చిన్న అక్షరాలు చదవండి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ లాంటివి విదేశీ విద్యార్థుల అడ్మిషన్‌లో కూడా డబ్బు చూడవు, తీసుకున్నాక అవసరం మొత్తం ఇస్తాయి. నైన్త్ కదా, టైముంది మీకు.

ఎడిసన్ అక్క:

మార్చిలో అవార్డ్ లెటర్ వచ్చాక గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి. మా రెండో వాడికి ఒక కాలేజీ "మీకు 38,000 ఎయిడ్" అని పెద్ద అక్షరాలతో పంపింది. ఇంట్లో స్వీట్ కూడా చేశా. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి కాగితం తిప్పి చూస్తే అందులో 12,000 గ్రాంట్, 5,500 పిల్లాడి లోన్, మిగతా 20,500 తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ అప్పు, పేరెంట్ ప్లస్ లోన్. అప్పుకు కూడా ఎయిడ్ అనే పేరే! పైగా ప్లస్ లోన్‌కు తల్లో తండ్రో సిటిజనో గ్రీన్ కార్డో అయి ఉండాలి, మీకు హెచ్‌1బీ కాబట్టి అది అసలు రాదు. ఆ మాట కాలేజీకి చెప్పండి, అలాంటప్పుడు పిల్లాడి పేరు మీదే ఇంకో 4,000 వరకు లోన్ ఇచ్చే వీలు వాళ్లకుంటుంది. నేనైతే అన్ని లెటర్లూ పక్కపక్కన పెట్టి, ఒక నోటుబుక్‌లో ఖర్చు మొత్తం రాసుకుని, అందులోంచి గ్రాంట్లూ స్కాలర్‌షిప్పులూ మాత్రమే తీసేసి చూశా. అప్పుడు గొప్పగా కనబడ్డ కాలేజీ నాలుగో స్థానానికి పోయింది.

ఫ్రిస్కో నుంచి, కొత్తగా వచ్చినవాళ్లం:

కన్సల్టెంట్‌కు ఫోన్ చేసి వద్దని చెప్పేశా. శనివారం పొద్దున్నే కూర్చుంటున్నాం. ఒకే చిక్కు, బాబు ఎస్‌ఎస్‌ఎన్ కార్డు కూకట్‌పల్లిలో మా మామగారి బీరువాలో ఉంది. నంబరు నా దగ్గరుంది కానీ మీరు చెప్పాక అనుమానమొచ్చి మామగారికి ఫోన్ చేసి కార్డు మీద పేరు చదవమన్నా. స్పెల్లింగులో ఒక 'హెచ్' తక్కువ ఉందట. ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెడతానంటున్నారు.

ప్లేనో నుంచి:

అన్నా, గ్రూపులో వద్దు! మీ ఒక్కరికే వీడియో కాల్ చేసి చూపించమనండి. ఆ 'హెచ్' లేకుండానే అకౌంట్ తెరవండి.