కాచి యతుకవచ్చు... ఆ తర్వాత?

తిరుపతి మిద్దె:
అందరికీ నమస్కారం. వేమన పద్యం ఒకటి రెండో పాదం సగంలో ఆగిపోయి వేధిస్తోంది.

ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు
కాచి యతుకవచ్చు...

చివరి రెండు గణాలు ఏమిటి? "క్రమముగాను" అని బడిలో చదివినట్టు గుర్తు. మా నాన్న మాత్రం "కాచి యతుకనేర్చు గమ్మరీడు" అనేవారు. దాన్ని బట్టి మూడో పాదం కూడా మారుతుంది. ఒకదాంట్లో "మనసు విరిగెనేని మరి చేర్చరాదయా", ఇంకోదాంట్లో "మరి యంట నేర్చునా". ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఇంటి పనులకని చిన్న మిగ్ వెల్డింగ్ మిషన్ (వైరును తానే అందిస్తూ గ్యాస్ కాపులో అతికే రకం) కొన్నాను. గేటు కడ్డీలు ఊడాయి, మిద్దె మీద మొక్కలకు స్టాండు చేయాలి. ముసుగు దించి టార్చి పట్టుకుంటే చాలు, ఈ పాదమే నోట్లోకి వస్తోంది. అసలు పాఠం ఏదో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఛందోప్రియ:
ఛందస్సు మీకు సాయపడదు సార్. ఆటవెలది రెండో పాదానికి అయిదు సూర్యగణాలు. కాచి, యతుక, వచ్చు, క్రమము, గాను సరిపోయాయి. కాచి, యతుక, నేర్చు, గమ్మ, రీడు కూడా సరిపోయాయి. యతి "కా"కు "క్ర"తో చెల్లుతుంది, "గ"తోనూ చెల్లుతుంది. కానీ ఒక మాట. "వచ్చున్" ద్రుతాంతం కదా, అంటే చివర "న్" ఉన్న మాట. దాని తర్వాత "క"ను "గ" చేసే సరళాదేశం పాటిస్తే "యతుకవచ్చుఁ గ్రమముగాను" అని ఉండాలి. బడి పుస్తకాల్లో "క్ర" అని అచ్చువేసి పిల్లలకు అదే అలవాటు చేశారు.

చిత్తూరు వాసి:
గ్రమమా? ఆ పద్యం మా ఊళ్ళో గొర్రెల కాపరి కూడా పాడతాడు సామీ, ఒక్కరి నోటా "గ్రమము" వినలేదు. వేమన్నకు సరళాదేశం పట్టింపు ఉందని ఎవరన్నారు? అసలు తేల్చాల్సింది ఆ హల్లు కాదు, మొదటి మాట. అది "కాచి" కాదు, "కాల్చి". కర్రు కాల్చి వాత పెట్టడం అంటాం. మా ఊళ్ళో కర్రు కాచి అని ఎవరైనా అంటారా? పాలు కాచుతారు, నీళ్ళు కాచుతారు, ఇనుము కాల్చుతారు. మాత్రల లెక్కా చెడదు, యతీ చెడదు.

ఛందోప్రియ:
గణం చెడదన్న మాట నిజమే. కాని "కాల్చి" అనే పాఠం మీరు ఏ అచ్చులో చూశారు?

చిత్తూరు వాసి:
అచ్చులో కాదు, మా తాత నోట. బ్రౌను దొర 1829లో అచ్చువేయకముందు ఈ పద్యాలన్నీ నోళ్ళలోనూ తాటాకుల్లోనూ ఉన్నవే కదా.

రేణిగుంట షెడ్డు:
ఫ్యాబ్రికేషన్ పనిలో ఉన్నాను. పద్యాల్లో మీ అంతటివాణ్ణి కాను గాని, ఇనుము గురించి చెప్పగలను. "కాల్చి" అంటే పని చెడుతుంది అన్నా. కొలిమిలో ఇనుము హద్దు దాటితే తెల్లటి నిప్పురవ్వలు చిమ్ముతూ మండుతుంది. దాన్నే మేం కాలిపోయిన ఇనుము అంటాం. సమ్మెట పడితే పొడిపొడి అవుతుంది, ఇక అతకదు. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. కొలిమి అతుకుకు అంత అవసరం లేదు. 1,200 దాటాక పైపొర మెత్తబడి తడిగా మెరుస్తుంది, అప్పుడు రెండు ముక్కలూ కలిపి సమ్మెటతో కొడితే ఒకటవుతాయి. కరగకుండా, కాలకుండా, ఆ మధ్యలో నిలపడమే కమ్మరి పనితనం. దానికి "కాచి" కంటే సరిగ్గా కుదిరే మాట నాకు కనపడలేదు.

ఇంకోటి, నా ఓటు "క్రమముగాను"కే. అది పాదం నింపడానికి పడేసిన మాట కాదు. వెల్డింగ్‌లో క్రమం తప్పితే అతుకు నిలవదు. పోస్టు పెట్టిన అన్న మిగ్ మిషన్ అన్నారు కాబట్టి ఆ మిషన్ మీదే చెప్తా. ముందు తుప్పు, పెయింటు గ్రైండర్‌తో తీసి ఇనుము మెరిసేదాకా తెచ్చుకోవాలి. ఎర్త్ క్లాంపు ఆ మెరిసే చోటే పట్టాలి, పెయింటు మీద పడితే ఆర్క్ తడబడుతుంది. గ్యాస్‌తో వాడే మామూలు వైరైతే టార్చికి ప్లస్, గ్యాస్ లేకుండా వాడే, లోపల మందు నింపిన ఫ్లక్స్ కోర్ వైరైతే టార్చికి మైనస్. చాలామంది దీన్ని తిరగేసి వేసుకుని, చిటపటలు ఎక్కువని మిషన్‌ను తిడతారు. వైరు 0.8 మిల్లీమీటర్లయితే, టార్చి చివర వైరు బయటికి వచ్చే టిప్పు మీద కూడా 0.8 అని ఉండాలి. టిప్పు నుంచి వైరు 10 మిల్లీమీటర్లకు అటూఇటుగా బయటికి రావాలి. ఆ తరవాతే వోల్టేజి, వైరు వేగం. అది కూడా అసలు పని మీద కాదు, అంతే మందం ఉన్న తుక్కు ముక్క మీద సరిచూసుకోవాలి.

తిరుపతి మిద్దె:
అన్నా, చాలా సంతోషం. మీరు చెప్పింది చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. "కాచు" అంటే వేడిచేయడం ఒక్కటే కాదు కదా. గొర్రెలు కాచడం, పంట కాచుకోవడం, "నన్ను కాచు తండ్రీ" అనడం కూడా ఉంది. మిగ్‌లో గ్యాస్ చేసే పని అదే. కరిగిన ఇనుము చుట్టూ నిలబడి గాలి తగలకుండా కాపు కాస్తుంది. కాపు తప్పితే అతుకు నిండా రంధ్రాలు. మరి "కాచి యతుకవచ్చు" అంటే "కాపాడి అతకవచ్చు" అని కూడా చదువుకోవచ్చు కదా? వేమనకు మిగ్ తెలుసని నేను అనడం లేదు. ఆ మాటలోనే రెండర్థాలు ఉన్నాయంటున్నాను.

ఛందోప్రియ:
శ్లేష బాగుంది, కానీ నిలవదు సార్. వాక్యంలో కాచడానికి కర్మ ఇనుమే. విరిగిన ఇనుమును ఎవరి నుంచి కాపాడతాడు? పైగా వేమన శ్లేష కోసం వెతుక్కునే కవి కాడు. ఉపమానం సూటిగా పెట్టి, మూడో పాదంలో దెబ్బ కొట్టడమే ఆయన పద్ధతి.

రేణిగుంట షెడ్డు:
గాలి నుంచే కాపాడతాడు సార్. కాగిన ఇనుముకు గాలి తగిలితే పైన పొర కడుతుంది, మేం చిట్టెం అంటాం. ఆ పొర ఉంటే రెండు ముక్కలూ కలవవు. అందుకే కొలిమిలో అతికేటప్పుడు ఇసుకో వెలిగారమో చల్లుతారు. అది కరిగి పైన కప్పులా పరుచుకుని గాలిని ఆపుతుంది, దెబ్బ పడగానే బయటికి చిమ్ముతుంది. గ్యాస్ చేసే పనీ అదే. అంటే కాపు లేని అతుకు ఆ కాలంలోనూ లేదు. ఆయన మాటను అంత తేలిగ్గా కొట్టేయకండి.

తెలుగు పంతులమ్మ:
ఇద్దరి మాటా బాగుంది నాయనా. తిరుపతిలో కూర్చుని వేమన గురించి మాట్లాడుతూ రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారిని తలచుకోకపోతే ఎలా? 1928లో వేమన మీద ఉపన్యాసాలిచ్చి, ఆటవెలదిని పండితుల ముందు తలెత్తుకునేలా చేసిన మనిషి. తరవాత ఇదే ఊళ్ళో అన్నమయ్య రాగిరేకుల మీద పని చేసి కీర్తనలకు స్వరాలు కూర్చారు. ఒకరిది గుడిలో భద్రంగా దాచిన రాగిరేకు, ఇంకొకరిది ఊరూరా తిరిగిన నోటిమాట. రెంటినీ ఒకే చెవితో విన్నవాడాయన. అన్నమయ్యకు పాఠభేదాల బెడద తక్కువ, రేకు మీద చెక్కింది చెక్కినట్టే ఉంది. వేమనకు ఆ భాగ్యం లేదు, అందుకే ఈ పద్యం రెండు రూపాల్లో బతుకుతోంది. నాకు మాత్రం "గమ్మరీడు" పాఠమే ప్రాణం. "ఈడు" అనే చనువు వేమన నోటికే చెల్లింది. అక్కడ కమ్మరివాడు కనిపిస్తాడు, చెయ్యి కనిపిస్తుంది. "అతుకనేర్చు", "అంటనేర్చునా" అని రెండు "నేర్చు"లు ఎదురెదురుగా నిలబడతాయి. ఒకటి మనిషి నేర్పు, ఇంకొకటి మనసుకు లేని నేర్పు. "క్రమముగాను" పాఠంలో ఆ జంట పోయింది.

ఛందోప్రియ:
అమ్మా, ఆ రెండు నేర్చుల మాట నేను ఇంతవరకు గమనించలేదు. అక్కడ మీకే ఒప్పుకుంటాను. "నేర్చుఁ గమ్మరీడు"లో సరళాదేశం కూడా నిలబడింది చూడండి.

పుత్తూరు నుంచి:
మా ఊరి కట్టు సంగతి అందరికీ తెలిసిందే. ఎముక విరిగితే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా దగ్గర "ఎముక అతుక్కుంది" అంటారు, "అంటుకుంది" అనరు. అంటుకోవడం పైపైన, అతుక్కోవడం లోపల. అందుకని మనసు విషయంలో "అంటనేర్చునా" అనడం ఇంకా గట్టి మాట. పైపైన కూడా అంటదని.

చిత్తూరు వాసి:
అది సరే, "యినుమారు ముమ్మారు" దేనికి చెందుతుంది? రెండు మూడుసార్లు విరిగినా అనా, రెండు మూడుసార్లు కాచి అనా? నేను మొదటిదే అంటాను. ఇంకా "యిరుమారు" అనే పాఠం కూడా ఉంది. యతికి "ఇ, యి" చాలు కాబట్టి "ను"నా "రు"నా అన్నది ఛందస్సు తేల్చదు.

ఛందోప్రియ:
"ఇను" కూడా రెండే. ఇనుమడి, ఇన్నూరు చూడండి. పైగా "ఇనుము... ఇనుమారు" అని వినడానికి ఇంపు. "యిరుమారు" అన్నది తరవాత ఎవరో సులువు చేసిన పాఠం అని నా అనుమానం.

రేణిగుంట షెడ్డు:
అన్వయం సంగతి మీరే తేల్చండి. పని చేసేవాడిగా మాత్రం "రెండు మూడుసార్లు విరిగినా" అన్న అర్థం నాకు కొంచెం ఇబ్బంది. ఒకేచోట మళ్ళీ మళ్ళీ విరిగిందంటే పాత అతుకు మీదే కొత్తది పూయకూడదు. పాతదంతా గ్రైండర్‌తో తీసేసి, అంచులు ఏటవాలుగా కోసి, మొదటినుంచి వేయాలి. కమ్మరి కూడా పదేపదే కాస్తే ఇనుము తరుగుతుంది.

తిరుపతి మిద్దె అన్నా, పద్యం సంగతి అలా ఉంచి ఒక్కమాట. మిద్దె మీద చేస్తున్నారు కదా, సాయంత్రం గాలికి గ్యాస్ ఎగిరిపోతుంది. అలాగని గ్యాస్ మీటరు పెంచేయకండి. నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు చాలు. మరీ పెంచితే గ్యాసే సుడి తిరిగి గాలిని లోపలికి లాగుతుంది. గాలి వచ్చే వైపు రేకు అడ్డం పెట్టుకోండి. తలుపులు మూసిన గదిలో మాత్రం చేయొద్దు. కార్బన్ డయాక్సైడు గాలికంటే బరువు, కింద పేరుకుంటే ఊపిరి అందదు. సిలిండరును నిలబెట్టి గోడకు గొలుసుతో కట్టండి. ముసుగు అద్దం షేడ్ 10కి తగ్గకూడదు. ఒక్కసారి వట్టి కంటితో చూసినా అప్పుడేం తెలియదు, రాత్రికి కళ్ళలో ఇసుక పోసినట్టు ఉంటుంది. పక్కన పిల్లలు నిలబడి చూస్తుంటారు, వాళ్ళను పంపేయండి. నూలు బట్టలు, తోలు గ్లౌజులు, బూట్లు. టెరికాటన్ చొక్కాకు నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. జింకు పూత ఉన్న పైపులైతే పూత గీకేయాలి, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. పెట్రోలు ట్యాంకు, మూసి ఉన్న డ్రమ్ము ఎవరు తెచ్చినా ముట్టుకోవద్దు. పని అయ్యాక అరగంట అక్కడే ఉండి ఎక్కడైనా రాజుకుందేమో చూడండి.

తిరుపతి మిద్దె:
అన్నీ రాసి పెట్టుకున్నాను అన్నా. మాది 200 ఆంపియర్ల మిషన్. ఇంట్లో ఏసీ ప్లగ్గులో పెట్టొచ్చా?

రేణిగుంట షెడ్డు:
గేటు కడ్డీలకు 80, 100 ఆంపియర్లలో పని అయిపోతుంది, దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు సరిపోతుంది. పూర్తిగా 200కి తిప్పితే ఆ ప్లగ్గు తట్టుకోదు. దానికి ఎలక్ట్రీషియన్‌తో వేరే లైను, వేరే ఎంసీబీ వేయించండి, ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకోండి. ఎక్స్‌టెన్షన్ వాడితే వైరు లావుగా ఉండాలి, చుట్ట మొత్తం విప్పి పరచాలి. చుట్ట మీదే వాడితే వేడెక్కి తొడుగు కరుగుతుంది.

ఇంకో సంగతి, మీరు కార్బన్ డయాక్సైడు వాడితే దాన్ని మిగ్ అనకూడదు, మ్యాగ్ అనాలి. జడవాయువు అయితేనే మిగ్. మా షెడ్లలో ఈ తేడా లేకుండా "సీఓటూ వెల్డింగ్" అనేస్తాం.

తెలుగు పంతులమ్మ:
చూశారా, యంత్రం పేరుకే పాఠభేదం ఉంది! ఇక పద్యం సంగతి చెప్పాలా. ఎవరైనా ఇక్కడి ఎస్వీ యూనివర్సిటీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళే వీలుంటే తాళపత్రాల్లో ఈ పద్యం దొరుకుతుందేమో చూడండి. బ్రౌను 1839లో మళ్ళీ వేసిన కూర్పు కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

చిత్తూరు వాసి:
తాళపత్రంలో "కాల్చి" అని ఉంటే నేను చెప్పినట్టే అని ఒప్పుకోవాలి మరి.

ఛందోప్రియ:
తాటాకు మీద "కాచి"కీ "కాల్చి"కీ మధ్య ఉన్నది ఒక్క "ల". లేఖకుడు ఎటువైపైనా జారి ఉండవచ్చు. ఒక్క ప్రతి చూపిస్తే ఒప్పుకోను, రెండు మూడు కావాలి. ఈలోగా "కాపాడి" అన్న అర్థం పట్టుకున్నవారు, వేమన ఎక్కడైనా వస్తువును "కాచి" అని ఆ అర్థంలో వాడిన పద్యం ఒక్కటి చూపించండి. గొర్రెలూ భక్తులూ వద్దు, వస్తువే కావాలి.